మాట ఒకటి, భావం ఒకటి: వాడుక ఇంగ్లీషుపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం తెలుగు రాష్ట్రాల సరిహద్దులకు ఆవల, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల నుంచి, మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల నుంచి వచ్చాయి. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ ఒడియా లేదా మరాఠీ, ఉద్యోగానికీ పై చదువుకూ ఇంగ్లీషు అన్నట్టుగా సాగే జీవితాలు ఈ పాఠకులవి. ప్రశ్నలన్నీ దాదాపు ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నందున వాటిని ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా డిగ్రీ పాఠంలో ఒక పెళ్ళికొడుకు గురించి 'హి గాట్ కోల్డ్ ఫీట్ బిఫోర్ ది వెడ్డింగ్' అని ఉంది. మా ఊళ్ళో పుష్యమాసపు తెల్లవారుజామున కాళ్ళు కొంకర్లు పోవడం అందరికీ తెలిసినదే కనుక, పెళ్ళినాటి చలికి అతని పాదాలు చల్లబడ్డాయని జవాబు రాశాను. మాస్టారు కొట్టివేశారు. ఏ వాక్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవాలో, దేనిలో వేరే భావం వెతకాలో పోల్చుకునే పద్ధతి ఏదైనా ఉన్నదా, గురువుగారూ? — డిగ్రీ విద్యార్థి, కోరాపుట్

సమాధానం: ఉన్నది, దానికోసం ఇంగ్లీషు వ్యాకరణం దాకా పోనక్కరలేదు. ఒక మాట తన సొంత అర్థాన్ని విడిచి మరొక అర్థాన్ని ఇవ్వాలంటే మూడు షరతులు నెరవేరాలని 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు చెప్పాడు. మొదటిది, ముఖ్యార్థం అక్కడ పొసగకపోవాలి. రెండవది, కొత్తగా తోచే అర్థానికీ పాత అర్థానికీ ఏదో ఒక సంబంధం ఉండాలి. మూడవది, అలా చెప్పడానికి లోకంలో స్థిరపడిన వాడుక అయినా ఉండాలి, ప్రత్యేకమైన ప్రయోజనమైనా ఉండాలి. దీనినే మనవారు లక్షణ అన్నారు. 'గంగలో గొల్లపల్లె ఉన్నది' అనేది శాస్త్రగ్రంథాలలో తరతరాలుగా వస్తున్న ఉదాహరణ. ప్రవాహంలో పల్లె నిలవదు కాబట్టి ముఖ్యార్థం చెడింది. ఒడ్డు నీటిని ఆనుకుని ఉంటుంది కాబట్టి సంబంధం కుదిరింది. 'గంగ ఒడ్డున' అనకుండా 'గంగలో' అనడం వలన ఆ పల్లె చల్లదనమూ పావనత్వమూ స్ఫురిస్తాయి కాబట్టి ప్రయోజనమూ దక్కింది. అటువంటి ప్రయోజనం ఏదీ లేకుండా వాడుక బలం మీదనే నిలిచిన మాటకు 'కుశలుడు' ఉదాహరణ. దర్భలు కోసి తెచ్చేవాడు అనే అర్థం మరుగున పడి, నేర్పరి అనే అర్థమే మిగిలింది.

ఈ చివరి విభజన మీకు బాగా పనికివస్తుంది. 'మై బాస్ ఈజ్ ఎ బుల్డోజర్' అనే వాక్యం ప్రయోజనం కోసం పుట్టినది. మనిషి యంత్రం కాలేడు, అడ్డువచ్చినదానిని తొక్కుకుంటూ పోవడం ఇద్దరికీ సమానం, ఆ మొండితనాన్ని కళ్ళకు కట్టించడం వక్త ఉద్దేశం. నిఘంటువు తెరవకుండానే మీరు అర్థం చెప్పగలరు. 'హి కిక్డ్ ది బకెట్' అంటే చనిపోయాడని మాత్రం ఎంత ఆలోచించినా తేలదు. ఆ బకెట్ ఎక్కడిదో ఇంగ్లీషు పండితులలోనే ఏకాభిప్రాయం లేదు. అది రూఢి, విని తెలుసుకోవలసినదే. కాబట్టి వింత వాక్యం ఎదురైనప్పుడు, ఇది ఊహతో తేలేదా, అడిగి తెలుసుకోవలసినదా అని మొదట నిర్ణయించుకోండి. తేలని దానిమీద గంటసేపు కూర్చోవడం వృథా.

ఇక మీ వాక్యంలోని అసలు చిక్కు ఏమిటంటే, అక్కడ ముఖ్యార్థం చెడలేదు. పాదాలు నిజంగానే చల్లబడవచ్చు, కోరాపుట్‌లో అయితే మరీను. ఇటువంటి వాక్యాలే చదువరిని ఎక్కువగా మోసగిస్తాయి. వీటిని పట్టుకోవడానికి రెండు ఆనవాళ్ళు చెబుతాను. ఒకటి, సందర్భం. మాట్లాడేవాడు విషయానికి సంబంధించినదే చెబుతాడని వినేవాడు నమ్ముతాడనీ, ఆ నమ్మకమే అంతరార్థానికి దారి చూపుతుందనీ పాల్ గ్రైస్ అనే తత్త్వవేత్త 1975లో వివరించాడు. పెళ్ళి జరుగుతుందా లేదా అన్న కథ నడుమ పాదాల ఉష్ణోగ్రతతో రచయితకు పనేమిటని అడిగితే, అక్కడ వేరే భావం ఉన్నదని తెలుస్తుంది. రెండవది, వాక్యపు కట్టుబడి. శరీరావయవాల ముందు ఇంగ్లీషువారు సాధారణంగా 'హిజ్', 'హర్', 'మై' వంటి మాట చేరుస్తారు: 'హిజ్ ఫీట్ వర్ కోల్డ్'. ఆ మాట లేకుండా 'గాట్ కోల్డ్ ఫీట్' అని బిగుసుకుపోయి ఉంటే అనుమానించవచ్చు. రంగం మీదకు వెళ్ళబోయే నటుడితో శుభం కోరుతూ 'బ్రేక్ ఎ లెగ్' అంటారు; 'బ్రేక్ యువర్ లెగ్' అంటే అది శాపమవుతుంది. అయితే ఇది తిరుగులేని నియమం కాదు. 'హి వాష్డ్ హిజ్ హ్యాండ్స్ ఆఫ్ ది మ్యాటర్' అన్నప్పుడు 'హిజ్' ఉన్నా చేతులు తడవలేదు. తనకు సంబంధం లేదని తప్పుకున్నాడని భావం, గుట్టు విప్పినది ఆ తరువాతి 'ఆఫ్'. బిగుసుకుపోయిన మాటకు మరొక గుర్తు, దానిని అటూఇటూ తిప్పితే భావం జారిపోవడం. 'ది బకెట్ వాజ్ కిక్డ్' అంటే ఎవరూ చావరు, బకెట్ మాత్రం దొర్లుతుంది.

ఇంతకూ మీ పెళ్ళికొడుకు చివరి నిమిషంలో జంకి వెనకాడాడు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడను. మా పిల్లల ఇంటి భాష తెలుగు, బడి భాష మరాఠీ, ఇంగ్లీషు మూడవది. గైడులో అక్షరక్రమంలో ఇచ్చిన ఇంగ్లీషు జాతీయాలు వందల కొద్దీ బట్టీ పట్టి, పరీక్ష కాగానే మరచిపోతున్నారు. మరొక దారి చూపగలరా? — ఉపాధ్యాయుడు, సిరొంచ

సమాధానం: అక్షరక్రమం నిఘంటువులో వెతుక్కోవడానికి అనువైనదే కాని నేర్చుకోవడానికి కాదు. పైగా మన గైడులలో చాలావాటికి ఏది వాడుకలో ఉన్నదో, ఏది పాతబడినదో అనే విచక్షణ లేదు. భోరున వాన పడుతున్నదనడానికి 'ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అనే వాక్యాన్ని మన దేశంలో ప్రతి విద్యార్థీ నేర్చుకుంటాడు. ఇంగ్లాండులో వానలో తడుస్తున్నవాడి నోట అది నేడు అరుదు. 'ఇట్స్ పోరింగ్' అంటే సరిపోతుంది. ఆ స్థానంలో రోజూ వినబడే పది మాటలు నేర్పవచ్చు.

మీ పిల్లలకు ఈ విద్య కొత్తది కాదని మొదట వారికే తెలియజెప్పండి. ఆకలి దంచేస్తుంటే ఇంట్లో 'కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి' అంటారు. అదే పిల్లవాడు బడిలో మరాఠీ స్నేహితుడితో 'పోటాత్ కావళే ఓరడతాయత్', అంటే కడుపులో కాకులు అరుస్తున్నాయి అంటాడు. ఎలుకలు ఎక్కడ, కాకులు ఎక్కడ అని వాడు ఒక్కనాడూ తికమక పడలేదు. 'ఐ కుడ్ ఈట్ ఎ హార్స్' అనే ఇంగ్లీషు గుర్రాన్ని ఆ రెండింటి పక్కన నిలబెడితే చాలు. అర్థం చెప్పవలసిన పని ఉండదు.

తరువాత జాతీయాలను అక్షరాలను బట్టి కాకుండా వాటి వెనుక ఉన్న ఊహను బట్టి గుంపులు చేయండి. భాషాశాస్త్రజ్ఞుడు జార్జ్ లేకాఫ్, తత్త్వవేత్త మార్క్ జాన్సన్ 1980లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇదే. రూపకం కవులకు మాత్రమే పరిమితమైన సొగసు కాదనీ, ఒక విషయాన్ని మరొక విషయంగా భావించే అలవాటు మనిషి ఆలోచనలోనే ఉన్నదనీ, రోజువారీ మాటలు ఆ అలవాటునుంచి గుంపులు గుంపులుగా పుట్టుకొస్తాయనీ వారు చూపించారు. ఇంగ్లీషువాడికి కాలం డబ్బు. అందుకే దానిని 'స్పెండ్' చేస్తాడు, 'సేవ్' చేస్తాడు, 'వేస్ట్' చేస్తాడు, 'ఇన్వెస్ట్' చేస్తాడు. వాదం యుద్ధం. కాబట్టి తన మాటను 'డిఫెండ్' చేసుకుంటాడు, ఎదుటివాడి మాటను 'అటాక్' చేస్తాడు, 'షాట్ డౌన్' చేస్తాడు. తెలియడం చూడడం, అందుకే 'ఐ సీ' అంటే నాకు అర్థమైందని. ఒక ఊహ పట్టుబడితే పదిహేను మాటలు ఒక్కసారి వస్తాయి, వచ్చినవి నిలుస్తాయి.

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట మీరు పాఠం చెబుతున్నారు కనుక, నీటితోనే మొదలుపెట్టండి. ఇంగ్లీషులో డబ్బు నీరు. అది 'ఫ్లో' అవుతుంది, నిధులు 'డ్రై అప్' అవుతాయి, ఖాతా 'ఫ్రీజ్' అవుతుంది, నలుగురూ కలిసి సొమ్మును 'పూల్' చేస్తారు, వెంటనే నగదుగా మారే ఆస్తి 'లిక్విడ్'. జనమూ నీరే: సందర్శకులు 'స్ట్రీమ్'గా వస్తారు, ఫిర్యాదులు 'ఫ్లడ్' అవుతాయి, సభ ముగిసే సమయానికి శ్రోతలు 'ట్రికిల్'గా మిగులుతారు. పారడం, ఎండడం, గడ్డకట్టడం, వరద రావడం మీ పిల్లలకు కళ్ళముందరి విషయాలు. వార్తాపత్రికలోని వాణిజ్యపు పుట ఒకటి ఇచ్చి, నీటికి సంబంధించిన మాటలన్నిటికీ కింద గీత గీయమనండి. ఎన్ని దొరుకుతాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్ మూడూ కలగాపులగమై పోతున్నాయండీ. 'లైక్' కనబడిన ప్రతిచోటా సిమిలీ అని రాసి వస్తున్నది. — గృహిణి, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, సిమిలీ మన ఉపమాలంకారమే, మెటఫర్ మన రూపకమే. మీ అమ్మాయి బడిలో ఒడియా చదువుతుంటే అక్కడ కూడా ఇవే పేర్లు వింటుంది. పేర్లన్నీ సంస్కృతం నుంచి వచ్చినవే కదా. 'హర్ వాయిస్ ఈజ్ యాజ్ స్వీట్ యాజ్ హనీ' అన్నప్పుడు గొంతు ఉపమేయం, తేనె ఉపమానం, తీపి సమానధర్మం, 'యాజ్' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. 'హర్ వాయిస్ ఈజ్ హనీ' అంటే పోలిక మాట పోయి గొంతే తేనె అయింది, అది రూపకం. గాలి గుసగుసలాడింది అనడం, అంటే ప్రాణం లేనిదానికి మనుషుల చేష్ట అంటగట్టడం, పర్సానిఫికేషన్.

'లైక్' విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. 'ఐ లైక్ మ్యాంగోస్' అంటే ఇష్టం, అక్కడ పోలికే లేదు. 'షి లుక్స్ లైక్ హర్ మదర్' అంటే పోలిక ఉన్నది కాని అలంకారం లేదు, ఎందుకంటే తల్లీ కూతుళ్ళు ఒకే జాతికి చెందినవారు, ఆ పోలిక అక్షరాలా నిజం. ఎక్కడెక్కడివో రెండు వస్తువులను ఒక గుణం కలిపినప్పుడే సిమిలీ.

ప్రశ్న: మిర్చి ఎగుమతి చేస్తుంటాను. అమెరికా కొనుగోలుదారు రాసిన మెయిల్‌లో ఇలా ఉంది: 'యువర్ బాల్‌పార్క్ ఫిగర్ లుక్స్ ఓకే. లెట్స్ టచ్ బేస్ నెక్స్ట్ వీక్ బిఫోర్ వి పుల్ ది ట్రిగర్. వి హ్యావ్ టేబుల్డ్ ది సెకండ్ కంటైనర్.' మా అబ్బాయి రెండో కంటైనరు కూడా ఖాయమైందంటున్నాడు. నిజమేనా? — వ్యాపారి, ధర్మాబాద్

సమాధానం: ఆ చివరి వాక్యాన్ని నమ్మి సరుకు కట్టించకండి. బ్రిటిష్ వాడుకలోనూ, దానిని అనుసరించే మన పార్లమెంటు వాడుకలోనూ 'టేబుల్' చేయడం అంటే చర్చకు పెట్టడం. అమెరికాలో సరిగ్గా దీనికి విరుద్ధం: ప్రస్తుతానికి పక్కన పెట్టడం. మీ కొనుగోలుదారు అమెరికావాడు కనుక రెండో కంటైనరు వాయిదా పడిందనే అర్థం చేసుకోవాలి. ఇంగ్లీషు ఒకటే అయినా దేశం మారితే మాట తలకిందులవుతుందని వ్యాపారం చేసేవారు గుర్తుంచుకోక తప్పదు.

మిగిలిన రెండు వాక్యాలలోని మాటలు బేస్‌బాల్ మైదానం నుంచి, తుపాకీ నుంచి వచ్చాయి. 'బాల్‌పార్క్ ఫిగర్' అంటే ఉజ్జాయింపు ధర. మీరు చెప్పిన ధర దాదాపుగా సమ్మతమే అన్నాడు కాని ఒప్పుకున్నానని అనలేదు. 'టచ్ బేస్' అంటే కొద్దిసేపు మాట్లాడుకోవడం. 'పుల్ ది ట్రిగర్' వినడానికి భయంగా ఉన్నా, తుది నిర్ణయం తీసుకుని ముందుకు సాగడం అని మాత్రమే. ఇటువంటివే 'కర్వ్‌బాల్', అంటే ఎదురుచూడని చిక్కు. 'స్టెప్ అప్ టు ది ప్లేట్', అంటే బాధ్యత తలకెత్తుకోవడం. బేస్‌బాల్ మన ఆట కాదు కాబట్టి ఇవి మనకు ఊహకు అందవు. బ్రిటిష్ వ్యాపారి 'వి ఆర్ ఆన్ ఎ స్టికీ వికెట్' అని రాసి ఉంటే, ఇబ్బందికరమైన పరిస్థితిలో ఉన్నామని మీ అబ్బాయి ఇట్టే పట్టేసేవాడు, ఎందుకంటే క్రికెట్ మన వీధుల్లో ఉన్నది.

జవాబు రాసేటప్పుడు ఆ అలంకారాలను తిరిగి వాడవద్దు. మీరు అర్థం చేసుకున్నదానిని సాదా ఇంగ్లీషులో తిరిగి చెప్పి ఖాయం చేయించుకోండి: మొదటి కంటైనరుకు ధర సుమారుగా సమ్మతం, వచ్చే వారం మాట్లాడిన తరువాత ఆర్డరు ఇస్తారు, రెండవది ప్రస్తుతానికి నిలిపివేశారు, ఇది సరేనా? ఇలా అడిగితే మర్యాదకు లోటు రాదు, సొమ్ముకూ నష్టం రాదు.

ప్రశ్న: నేను నర్సును. విదేశీ ఉద్యోగం కోసం ఇంగ్లీషు పరీక్షకు చదువుతున్నాను. రోగి చెప్పే మాటలలో 'పిన్స్ అండ్ నీడిల్స్', 'స్ప్లిటింగ్ హెడేక్', 'ఫ్రాగ్ ఇన్ మై త్రోట్' వంటివి వస్తున్నాయి. వీటిని ఎలా నేర్చుకోవాలి? — నర్సు, రాయగడ

సమాధానం: అలంకారం లేకుండా మాట్లాడలేని విషయం ఏదైనా ఉన్నదంటే అది నొప్పి. దానిని మరొకరు చూడలేరు, తాకలేరు, కొలవలేరు. కాబట్టి ఏదో ఒక దెబ్బతోనో ఆయుధంతోనో పోల్చి చెప్పవలసిందే. మీ ఆసుపత్రికి వచ్చే తెలుగు రోగి మాటలనే గమనించండి: పొడిచినట్టున్నది, సూదులు గుచ్చినట్టున్నది, గుంజుతున్నది, సలుపుతున్నది, మండుతున్నది అంటాడు. నొప్పిని పరిశోధించిన రోనాల్డ్ మెల్జాక్ రోగులు వాడే ఇటువంటి మాటలనే ఆధారం చేసుకుని 1975లో మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిని ప్రకటించాడు. అందులో 78 మాటలు 20 గుంపులుగా ఉన్నాయి. 'స్టాబింగ్', 'షూటింగ్', 'బర్నింగ్', 'థ్రాబింగ్' అన్నీ ఆ జాబితాలోనివే. అంటే రోగి వాడే అలంకారాన్ని వైద్యం ఒక సమాచారంగా తీసుకుంటుంది. 'షూటింగ్' అని చెప్పే రోగికి నొప్పి ఒకచోటినుంచి మరొకచోటికి మెరుపులా పాకుతున్నదని అర్థం. 'థ్రాబింగ్' అంటే నాడి కొట్టుకున్నట్టు ఆగి ఆగి వస్తున్నదని. ఈ తేడాను సాదా మాటల్లోకి దించి కేవలం 'పెయిన్' అని చార్టులో రాస్తే సమాచారం పోతుంది. రోగి వాడిన మాటనే రాయడం మంచిది.

మీరు అడిగిన మూడింటిలో 'పిన్స్ అండ్ నీడిల్స్' తిమ్మిరి, 'స్ప్లిటింగ్ హెడేక్' తల బద్దలయ్యేంత నొప్పి, 'ఫ్రాగ్ ఇన్ మై త్రోట్' గొంతు బొంగురుపోవడం. 'అండర్ ది వెదర్' అంటే ఒంట్లో నలతగా ఉండడం. దానికీ బయటి వాతావరణానికీ సంబంధం లేదు. 'బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్' అన్న మనిషికి జీర్ణకోశం చూడనక్కరలేదు, ఆందోళనగా ఉన్నదని అర్థం. 'షి ఈజ్ ఎక్స్‌పెక్టింగ్' అంటే నిండు మనిషి. 'హి ఈజ్ ఆన్ హిజ్ లాస్ట్ లెగ్స్' అంటే అవసాన దశలో ఉన్నాడని. అది కుటుంబ సభ్యుల నోట వినవలసిన మాటే తప్ప మీరు అనవలసినది కాదు.

వీలైనంతవరకు పుస్తకంలో కాక రోగులు మాట్లాడే వీడియోలలో, సంభాషణలలో వినండి. మీ పక్క జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల నోట విని సవర భాష నేర్చుకున్న తరువాతనే ఆ భాషకు నిఘంటువు కూర్చారు. ఆయన ముందు వరుసక్రమంలో అచ్చయిన పుస్తకమేదీ లేదు.

ప్రశ్న: ఇంగ్లీషు పేపరు సంపాదకీయాలలో రూబికాన్, వాటర్లూ, పిరిక్ విక్టరీ వంటి మాటలు వస్తాయి. అలాగే నా బీమా పత్రంలో 'యాక్ట్ ఆఫ్ గాడ్' అని ఉన్నది. అది కూడా అలంకారమేనా? — విశ్రాంత రైల్వే ఉద్యోగి, బల్లార్‌షా

సమాధానం: భారతం తెలియనివాడికి శల్యసారథ్యం ఎలా తెలియదో, ఐరోపా చరిత్ర తెలియనివాడికి ఇవీ అలాగే తెలియవు. క్రీస్తుపూర్వం 49లో జూలియస్ సీజర్ సైన్యంతో రూబికాన్ నది దాటడం రోము ప్రభుత్వంపై యుద్ధం ప్రకటించడమే అయింది. కాబట్టి ఆ నదిని దాటడం అంటే ఇక వెనుదిరగలేని అడుగు. నెపోలియన్ 1815 జూన్ 18న వాటర్లూలో ఓడిపోయాడు. ఎవరికైనా వాటర్లూ ఎదురైందంటే తిరిగి లేవలేని ఓటమి. క్రీస్తుపూర్వం 279లో పిర్రస్ రాజు రోమనులను గెలిచినా తన సైన్యంలో అధికభాగాన్ని పోగొట్టుకున్నాడు. గెలుపే నష్టమైనప్పుడు అతని పేరు తలుస్తారు. సంపాదకీయంలో పేరు తగిలినప్పుడు అక్కడ ఆగి ఆ కథ చదివితే చాలు, అర్థం దానంతటదే వస్తుంది.

'యాక్ట్ ఆఫ్ గాడ్' సంగతి వేరు. పుట్టుకలో అది అలంకారమే కాని చట్టంలో పారిభాషిక పదంగా గట్టిపడింది. మనుషుల ప్రమేయం లేకుండా ప్రకృతి వలన జరిగినదీ, తగిన జాగ్రత్త తీసుకున్నా ఆపలేనిదీ అయిన పిడుగు, వరద, భూకంపం వంటి వాటికి అది వర్తిస్తుంది. మీరు పనిచేసిన శాఖకు సంబంధించిన 1989 నాటి రైల్వే చట్టంలోనూ, సరుకు నష్టానికి రైల్వే బాధ్యత వహించనక్కరలేని కారణాలను పేర్కొనే 93వ సెక్షన్‌లో, ఆ మాట ఉన్నది. బీమా పత్రంలో మాత్రం మీ ఊహకు తోచిన అర్థం కాక, ఆ పత్రమే ఇచ్చిన నిర్వచనం చూసుకోండి.

ప్రశ్న: మా తమ్ముడు వేరే రాష్ట్రంలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. మా చెల్లి పెళ్ళికి సెలవు అడిగిన వారానికి వాడికి 'వి ఆర్ లెటింగ్ యు గో, ఎఫెక్టివ్ థర్టీయత్' అని మెయిల్ వచ్చింది. సెలవు మంజూరైందని వాడు సంతోషంగా బరంపురం టికెట్ తీసుకున్నాడు. నాకెందుకో అనుమానంగా ఉన్నది. — ఒక అక్క, బరంపురం

సమాధానం: మీ అనుమానం సరైనదే అనిపిస్తున్నది. 'లెట్ గో' అంటే ఉద్యోగం నుంచి తీసివేయడానికి ఇంగ్లీషువారు వాడే మెత్తని మాట. పైన కోరాపుట్ విద్యార్థికి చెప్పిన ఇబ్బందే ఇక్కడా ఉన్నది: సెలవు అడిగినవాడికి 'వెళ్ళనిస్తున్నాము' అనే వాచ్యార్థం చక్కగా అతికింది, ఎక్కడా చెడలేదు. అందుకే వాడు ఆగి ఆలోచించలేదు. దీనికి వాడిని తప్పుపట్టడం న్యాయం కాదు. కఠినమైన సంగతిని మెత్తగా చెప్పడానికి మనమూ ఇలాగే దాస్తాము. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందంటాము. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాము. తెలుగు నేర్చుకుంటున్న పరాయివాడికి ఆ చివరి మాట చెబితే, డబ్బా నిండుగా ఉన్నదనుకుని నిశ్చింతగా వెళ్ళిపోతాడు.

ఆ మెయిల్‌ను మరొకసారి చదివించండి. సెలవు ఉత్తరమైతే ఏ తేదీనుంచి ఏ తేదీవరకు అని రెండు తేదీలు ఉంటాయి, తిరిగి చేరవలసిన రోజు ఉంటుంది. 'ఎఫెక్టివ్' అని ఒక్క తేదీయే ఉండి, చుట్టుపక్కల 'ఫైనల్ సెటిల్‌మెంట్', 'హ్యాండోవర్', 'నోటీస్ పీరియడ్', 'రిలీవింగ్ లెటర్' వంటి మాటలు కనబడితే అది తొలగింపే. 'డౌన్‌సైజింగ్', 'రీస్ట్రక్చరింగ్' అనే మాటలు కారణంగా చూపినా అంతే. తెలియక 'థ్యాంక్ యు' అని జవాబు పంపి ఉంటే కంగారు పడనక్కరలేదు. అయితే ఇక ఆలస్యం చేయకుండా, తన ఉద్యోగం ముగిసిందా, ముగిస్తే కారణం ఏమిటి, నోటీసు కాలపు జీతం, మిగిలిన సెలవుల సొమ్ము, ప్రావిడెంట్ ఫండ్ వివరాలు ఏమిటి అని సాదా ఇంగ్లీషులో, మెయిల్ ద్వారానే అడగమనండి. ఫోనులో అడిగితే మళ్ళీ ఇటువంటి మెత్తని మాటే రావచ్చు, పైగా చేతిలో ఆధారం మిగలదు. టికెట్ మాత్రం రద్దు చేయించవద్దు; చెల్లి పెళ్ళికి ఎలాగూ రావలసినవాడే.